మానని గోరుచుట్టు

"యాసిడ్ కలిపిన చెయ్యి ఎవరిదో తేలిపోయింది. ఇక నువ్వొచ్చి కొత్తగా కనిపెట్టేదేమీ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీలోంచి కదలకుండా.

"చెయ్యి సరే. కలుపుతుంటే చూసిన కళ్లు ఎవరివి?" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీద పెన్ను ఒకసారి అటు దొర్లించి, ఇటు దొర్లించాడు. చిన్నప్పుడూ అంతే. జవాబు తెలియనప్పుడు చేతికి దొరికిన వస్తువును దొర్లిస్తూ కూర్చునేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసన్న సంగతి అతనికీ తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇద్దరూ ఒకే ఈతకొలనులో, ఒకే మాస్టారి దగ్గర ఈత నేర్చుకున్నారు. ఆ మాస్టారికి పిల్లల పేర్లు ఎప్పుడూ గుర్తుండేవి కావు. అందుకని తానే పేర్లు పెట్టేవారు. దూకితే చాలు, అడుగుకు పోయి కూర్చునే ఈ ఇన్‌స్పెక్టర్‌కు తాబేలు అని పెట్టారు. ఎంత తోసినా మునగని ఆమెకు బాతుపిల్ల అని పెట్టారు. పోటీల్లో ఒకరిని ఒకరు ఓడించుకుంటూ పెరిగారు. పెద్దయ్యాక అతను పోలీసయ్యాడు, ఆమె సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. పోటీ మాత్రం ఒడ్డెక్కలేదు.

ఇప్పుడు ఆ మాస్టారి ఒంటినిండా నీటిపొక్కులు. కొలను పంపు నడిపే ముసలాయన ఆయన స్నానపు నీళ్లలో యాసిడ్ కలుపుతున్నాడని మూడు రోజుల క్రితం ఇన్‌స్పెక్టర్ అతన్ని పట్టుకొచ్చి లోపల వేశాడు. పిల్లలందరూ 'పంపు బాబాయ్' అని పిలిచిన మనిషి ఆయన. ఆయన భార్య ఈ పొద్దున్నే ఊతకర్ర మీద మెట్లెక్కి డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. "నా ముసలాడు చీమకి కూడా దారిచ్చి నడుస్తాడమ్మా" అని ఒక్క మాట చెప్పి, ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

"సరే విను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వేసవి మొదట్లో మాస్టారికి పొక్కులు లేచాయి. అప్పుడే మీ బాబాయ్ పెళ్లాం కాలు విరిగిందని సెలవు పెట్టి ఊరెళ్లాడు. రెండు నెలలు లేడు. ఆ రెండు నెలల్లో పొక్కులు మాడిపోయాయి. వానలు మొదలవగానే ఈయన తిరిగొచ్చాడు. మూడో వారానికల్లా మళ్లీ పొక్కులు, ఈసారి ముందుకన్నా ఎక్కువ. నీళ్లు కాచి స్నానానికి తోడిపెట్టేది ఆయనే. కొలను నీళ్లకు వాడే యాసిడ్ ఉండే పంపు గది తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. ఇంకేం కావాలి నీకు?"

"కారణం కావాలి. నలభై ఏళ్లు అన్నం పెట్టిన మనిషి మీద యాసిడ్ ఎందుకు పోస్తాడు?"

"చెవులు వినబడవు, కళ్లు మసక. తీసేసి కొత్తవాణ్ని పెట్టుకోమని నలుగురూ మాస్టారికి చెబుతున్నారు. ఆ కడుపుమంట."

"ఆ నలుగురిలో మాస్టారు ఉన్నారా?"

పెన్ను మళ్లీ దొర్లింది.

"ఆయన్ని అడగలేదు. మనిషి నీరసంగా ఉన్నారు. ఈ అరెస్టు సంగతి కూడా చెప్పొద్దని అక్క బతిమాలింది. ఊరెళ్లాడని చెప్పాం."

అక్క అంటే మాస్టారి ఒక్కగానొక్క కూతురు. వీళ్లిద్దరికన్నా నాలుగేళ్లు పెద్దది. తడి జుట్టుతో వణికే పిల్లలకు తువ్వాళ్లు చుట్టి, ముక్కులు తుడిచి, ఒకే బల్ల మీద వరసగా కూర్చోబెట్టేది. వాళ్ల బాల్యంలో సగం ఆమె చేతుల్లోనే గడిచింది.

"డాక్టర్‌కి చూపించారా?"

"ఏవో పూతమందులు రాస్తున్నామంది అక్క. యాసిడ్ పొక్కుకి డాక్టరేం చెబుతాడు, యాసిడ్ అనేగా!" అని లేచాడు ఇన్‌స్పెక్టర్. "పది నిమిషాలు ఇస్తాను, మాట్లాడుకో. ఆ తర్వాత నా కేసులో వేలు పెట్టకు."

*

పంపు బాబాయ్ కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను పోల్చుకోడానికి కాస్త సమయం పట్టింది. పోల్చుకున్నాక లాకప్ గది మారుమోగేలా అరిచాడు. పంపు మోతలో బతికిన మనిషి, చిన్నగా మాట్లాడటం ఎప్పుడూ రాలేదు.

"బాతుపిల్లా! ఎంత పెద్దదానివయ్యావు! తల తడిగా ఇంటికి పోతున్నావా ఇంకా?"

క్లాసు అయ్యాక గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి తలా చేత్తో తడిమి చూసి, తడిగా ఉంటే వెనక్కి పంపేవాడు. అప్పట్లో ఆ చెయ్యి ఎంత గరుగ్గా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. జలుబు చేస్తే మీ అమ్మ నన్ను తిడుతుంది అనేవాడు. నిజానికి ఎవరి అమ్మా ఎప్పుడూ ఆయన్ని తిట్టలేదు.

"బాబాయ్, యాసిడ్ గురించి చెప్పు," అంది గొంతు పెంచి.

"ఏం చెప్పను? కొలనులో కలపడానికే ముక్కు మూసుకుని కలుపుతాను. మాస్టారి నీళ్లలో ఎందుకు పోస్తాను? వీడేమో..." అని ఇన్‌స్పెక్టర్ గది వైపు గడ్డం ఎగరేశాడు, "వీడికి ఈత రాక నీళ్లు మింగితే పొట్ట నొక్కి కక్కించింది నేనే. ఇప్పుడు నాతో నిజం కక్కిస్తానంటాడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"నువ్వు సెలవు నుంచి వచ్చేసరికి మాస్టారు ఎలా ఉన్నారు?"

"పొక్కులు మాడిపోయాయి. మొహం మాత్రం బంతిలా గుండ్రంగా ఉబ్బింది. ఒకటే ఆకలి. ఎప్పుడూ పెరుగన్నం ముద్ద వదిలేసే మనిషి మళ్లీ వడ్డించమనేవారు. నిద్ర లేదు. తెల్లవార్లూ కొలను చుట్టూ తిరిగేవారు. పొక్కులు పోయాయి గానీ ఆ బొటనవేలు మాత్రం అలాగే ఉంది."

"ఏ బొటనవేలు?"

"కుడి చేతిది. రెండేళ్లుగా గోరుచుట్టు. చీము పట్టిందని మందులు వేశారు, తగ్గలేదు. నీళ్లలో నాని ఒరిసిందని పూతలు పూశారు, తగ్గలేదు. చివరికి గోరే తీసేశారు, అయినా తగ్గలేదు. పెద్దాసుపత్రికి పదండని నేను పోరితే నవ్వేవారు. ఇప్పుడు దాని మీద ఈ పొక్కులు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అన్నారా?"

వెళ్లబోతుంటే మళ్లీ పిలిచాడు.

"నేనిక్కడున్నానని ఆయనకి చెప్పకు తల్లీ. బెంగ పెట్టుకుంటారు."

*

కొలను గేటు తోయగానే క్లోరిన్ వాసన ముక్కుకు తగిలింది. అంతే, ఆమె కాళ్లు వాటంతట అవే చెప్పులు విడిచేశాయి. ఇరవై ఐదేళ్లుగా రాలేదు. ఇంత చిన్నదా ఈ కొలను! అప్పట్లో ఆ చివరి గోడ కనుచూపు మేరలో ఉండేది కాదు. నీలం పలకలు కొన్ని ఊడిపోయాయి. లోతు రాసిన అంకెలు సగం చెరిగాయి. పిల్లలు కూర్చునే బల్ల మాత్రం అలాగే ఉంది. గోళ్లతో గీకి తాను చెక్కిన బాతు బొమ్మ ఉందేమోనని వంగి చూడబోయి, తానెందుకు వచ్చిందో గుర్తొచ్చి ఆగిపోయింది.

అక్క లోతు తక్కువ వైపు నిలబడి పిల్లలు ఈత నేర్చుకుంటూ పట్టుకునే తేలుడు బల్లలు ఏరుతోంది. ఈమెను చూడగానే వాటిని వదిలేసి పరుగున వచ్చి కావలించుకుంది.

"ఎన్నేళ్లకే! దారి తప్పి వచ్చావా?"

"దారి కనుక్కునే వచ్చాను అక్కా. మాస్టారిని చూడాలి."

కావలించుకున్న చేతులు మెల్లగా సడలాయి. "నాన్న అలసిపోతారే. ఎక్కువ మాట్లాడించకు."

"ముందు స్నానాల గది చూస్తాను."

కొలను వెనక రెండు గదుల ఇల్లు. స్నానాల గదిలో డిటెక్టివ్ తలుపు దగ్గరే చాలాసేపు నిలబడింది. ముందు చూడు, తర్వాత దూకు అని నేర్పింది ఆ ఇంట్లోని మనిషే. మూలన అల్యూమినియం బకెట్టు, అందులో అల్యూమినియం చెంబు. రెండూ పాతవే, అక్కడక్కడా సొట్టలు. లోపల వేలితో రుద్దింది. నున్నగా ఉంది, మచ్చ లేదు. నేల సిమెంటుది, అది కూడా నున్నగానే ఉంది. కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు ముదురు ఎరుపు, ఎన్నేళ్లదో, అంచులు పీచులు తేలాయి గానీ రంగు ఎక్కడా వెలిసిపోలేదు. ఆమె చెంబు చేతిలోకి తీసుకుని తిరగేసింది. దాన్ని పట్టుకునే వసారాలోకి వచ్చింది.

మాస్టారు పడక కుర్చీలో ఉన్నారు. భుజాలు మాత్రం ఇప్పటికీ ఈతగాడివే. మిగతా మనిషి కరిగిపోయాడు. ముంజేతుల మీద, పొట్ట మీద, తొడల మీద పొక్కులు, కొన్ని కందిగింజంత, కొన్ని నిమ్మకాయంత, బిగువుగా, లోపల తేట నీటితో.

"ఎవరూ, బాతుపిల్లేనా!" అన్నారు. "చూశావా, ఇన్నేళ్లూ నేను నీళ్లలో ఉన్నాను. ఇప్పుడు నీళ్లొచ్చి నాలో ఉంటున్నాయి."

ఆమె పక్కన పీట మీద కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనసు మళ్లీ పదేళ్ల పిల్లదైపోయి, ఆయన ఈల వేస్తే లేచి నిలబడేలా ఉంది. కష్టపడి కళ్లను పనిలో పెట్టింది. తల మీద పొక్కు లేదు. భుజాల మీద లేదు. చెంబుతో పోసుకునే నీళ్లు మొదట పడేది అక్కడేగా!

"ముందు దురద పుట్టిందా మాస్టారూ, పొక్కులు ముందా?"

"దురదే. చలికాలమంతా గోక్కుంటూనే ఉన్నాను. పొక్కులు ఎండలప్పుడు లేచాయి."

యాసిడ్ అయితే నెలల తరబడి దురద పెట్టి, తీరుబడిగా తర్వాత కాల్చదు. ఆమె చూపు పొట్ట మీద ఆగింది. ఒక పాత పొక్కు మచ్చ అంచున చిన్న గీత, దానికి అటూ ఇటూ రెండేసి చుక్కలు. కుట్టు వేసిన గుర్తు.

"ఇదేమిటి?"

"అదా? పొక్కులు లేచిన కొత్తలో అమ్మాయి ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ ఇక్కడో చిన్న ముక్క, ఈ వేలి దగ్గరో చిన్న ముక్క కోసి రెండు సీసాల్లో వేసింది."

ఆయన కుడి బొటనవేలు చూపించారు. గోరు ఉండాల్సిన చోట ఎర్రటి, తడి తడి కండ పుట్టగొడుగులా పెరిగి ఉంది. పక్కనే అలాంటిదే మరో కుట్టు గుర్తు.

"నొప్పి ఉందా?"

"అదే విచిత్రం. చీము పడితే సలపాలిగా? ఇది సలపదు. ఊరికే కూర్చుంది, అద్దె కట్టని వాడిలాగా."

"సీసాల్లో ఏం తేలింది?"

"అమ్మాయి వెళ్లి కనుక్కొచ్చింది. ఒంట్లో వేడి, వేలికి చీము. మాత్రలిచ్చారు. వేసుకున్నన్నాళ్లూ పొక్కులు మాడాయి. అయిపోయాయి, మళ్లీ లేచాయి."

"మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టారు?"

"మన పంపువాడు ఊరెళ్లిన వారమే. వాడే గనక ఉంటే ఆ మాత్ర పేరేమిటి, ఊరేమిటి అని నా ప్రాణం తీసేవాడు. అవునూ, వాడేడీ? మళ్లీ సెలవంటున్నారు. వాడి పెళ్లాం కాలు ఇంకా అతుక్కోలేదా?"

డిటెక్టివ్ తల వంచుకుంది. ఆమె చిన్నప్పుడు పెద్దమ్మ ఉబ్బసానికి కొన్ని మాత్రలు మింగేది. వాటితో మొహం గుండ్రంగా ఉబ్బేది, ఆకలి పెరిగేది, నిద్ర పట్టేది కాదు. పంపు బాబాయ్ చెప్పిన లక్షణాలు అవే. ఆయన లేకపోవడం వల్ల పొక్కులు తగ్గలేదు. ఆయన వెళ్లినప్పుడే మాత్రలు వచ్చాయి, ఆయన తిరిగొచ్చాక మాత్రలు అయిపోయాయి.

*

బయట జీపు ఆగిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ కొలను గట్టు మీదుగా బూట్లతో వస్తున్నాడు. సగం దూరం వచ్చి, ఏమనుకున్నాడో ఏమో, ఆగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఆ కొలను గట్టు మీద చెప్పులతో నడిస్తే మాస్టారు పది చుట్లు అదనంగా ఈదించేవారు. కోపంతో వచ్చే మనిషి మేజోళ్లతో రావడం చూసి ఆమెకు అతని మీద జాలి కూడా కలిగింది.

"వేలు పెట్టొద్దన్నాను," అన్నాడు దగ్గరికొచ్చి.

"వేలు దగ్గరే ఉంది అసలు కథ. ముందు పంపు గది తాళం తియ్యి."

"ఎందుకు?"

"భయమా?"

ఆ మాటకి చిన్నప్పుడూ ఆగేవాడు కాదు. తాళం తీశాడు. గది మూలన యాసిడ్ సీసాలు గడ్డిబుట్టల్లో ఉన్నాయి. ఆమె ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుని, కొద్దిగా యాసిడ్ ఆ స్నానాల చెంబులోకి వంచి గట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. ముందు ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్టర్ ఎగతాళిగా ఏదో అనబోయాడు. ఇంతలో చెంబు అడుగున బుడగలు లేచాయి. బుసబుస పొంగింది, ఆవిరి లేచింది. నీళ్లు పోసి చల్లార్చి చూస్తే లోపలంతా బూడిదరంగు తిరిగి, గుంటలు పడి ఉంది.

"ఇది మాస్టారి చెంబు. ఇందాకటి వరకూ నున్నగా ఉంది. నెలల తరబడి దీంతో యాసిడ్ నీళ్లు పోసుకుంటే ఇలా ఉండాలి. తువ్వాలు వెలిసిపోవాలి, నేల గరుకెక్కాలి. నీళ్లు మొదట పడే తల, భుజాలు కాలాలి. అవేవీ కాకుండా తొడల లోపల పొక్కులెలా లేస్తాయి?"

"బాగా నీళ్లు కలిపి ఉంటాడు."

"చెంబుకి కూడా తెలియనంత పలచగా కలిపితే ఒంటికెలా తెలుస్తుంది?"

ఇన్‌స్పెక్టర్ చెంబు వైపు చూస్తూ నిలబడ్డాడు. "మరి సెలవులో ఎందుకు తగ్గాయి? చెప్పు!"

"సరిగ్గా ఆ రెండు నెలలూ మాస్టారు మాత్రలు వేసుకున్నారు. డాక్టర్ ఒళ్లు కోసి పరీక్ష చేసి ఇచ్చిన మాత్రలు."

"ఏ డాక్టర్? ఏ మాత్రలు? అక్క నాతో ఆ మాట..." అని ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకేసారి కొలను వైపు తిరిగారు. తేలుడు బల్లలన్నీ ఏరేసినా అక్క ఇంకా అక్కడే, మోకాళ్ల లోతు నీళ్లలో, వీళ్లకు వీపు పెట్టి నిలబడి ఉంది.

"నేనడుగుతాను," అంది డిటెక్టివ్.

"లేదు. పట్టుకెళ్లింది నేను. నేనే అడగాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ గట్టు దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాడు. చివరికి ఆమే మెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టి మెల్లగా అడిగింది.

"అక్కా, డాక్టర్ రెండు ముక్కలు కోసింది. ఇంటికి ఒక్క జబ్బుకే మందు వచ్చింది. రెండో సీసాలో ఏముంది?"

అక్క ఇటు తిరిగింది.

"చెంబు పొంగడం చూశాను," అంది చివరికి. "ఇక దాచి ఏం లాభం? పొక్కుల సీసాలో తేలింది... ఒంట్లో రోగాల్ని ఆపే కాపలా దారి తప్పిందట. సొంత చర్మాన్నే పగవాడనుకుని దాని మీద పడుతోందట. మాత్రలతో అదుపులో ఉంటుందన్నారు. వేలి సీసాలో..."

"చెప్పక్కా."

"క్యాన్సర్. చర్మ క్యాన్సర్. మామూలుగా నల్లగా ఉంటుందట. నాన్నకి రంగు లేకుండా ఎర్రగా వచ్చింది. అందుకే రెండేళ్లూ అందరూ గోరుచుట్టే అనుకున్నారు, చీము మందులు పోశారు. వెంటనే వేలు తీసేయాలంది డాక్టరమ్మ. నాలుగు నెలలవుతోంది."

ఇన్‌స్పెక్టర్ బూట్లు చేతిలోంచి జారి గట్టు మీద పడ్డాయి.

"నాలుగు నెలలా? ఎందుకక్కా?"

"అమ్మ గుర్తుందిగా నీకు? నడిచి వెళ్లింది ఆపరేషన్‌కి. నడిచి వస్తానంది. బల్ల మీద నుంచి దించింది మనం మోసుకురావడానికే. ఆ రోజు నాన్న నా చెయ్యి పట్టుకుని, నా ఒంటి మీద మాత్రం కత్తి పడనివ్వకు తల్లీ అన్నారు. సరేనన్నాను. పైగా ఆ వేలు... ఆ వేలితోనే కదా పోటీల్లో మీ అందరికీ వాచీ నొక్కారు. దాన్ని కోసేస్తారని ఏ నోటితో చెప్పను? ఈ వారం గడవనీ అనుకున్నాను. వారాలు గడిచిపోయాయి."

"మాత్రలెందుకు ఆపావు?" అంది డిటెక్టివ్.

"ఆపలేదే. అయిపోయాయి. చీటీ లేకుండా షాపువాడు ఇవ్వనన్నాడు. చీటీకి వెళ్తే ఆవిడ మొదట అడిగేది వేలు గురించే. ఫోన్ చేస్తూనే ఉంది, నేనే తీయడం మానేశాను."

డిటెక్టివ్ గొంతులో ఇప్పుడు చిన్నపిల్ల లేదు. "అక్కా, మమ్మల్ని పెంచినదానివి, నీ మీద కోపం రావడం లేదు. కానీ ఒక ముసలాయన మూడు రోజులుగా కటకటాల వెనక చాప మీద పడుకుంటున్నాడు. నువ్వు ఒక్క మాట చెబితే బయటికొచ్చేవాడు."

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అని..." అక్క మొహం చేతులతో కప్పుకుంది. "బాబాయ్‌కి ఏమీ కాదులే, వీడు వదిలేస్తాడులే అనుకున్నానే. బాబాయ్ కదా అని..."

"కటకటాల వెనక ఉన్నదెవరు?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మాస్టారు వసారా స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. పొక్కులకు చొక్కా అంటుకోకుండా ఆ ఎర్ర తువ్వాలు వదులుగా కప్పుకున్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో! అడుగడుగునా ఆగుతూ గట్టు దాకా వచ్చారు. కూతురి వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు ఆగారు.

"తాబేలూ, ఎక్కడ పెట్టావు వాణ్ని?"

"స్టేషన్‌లో, మాస్టారూ."

"భోజనం చేశాడా?"

యూనిఫాం వేసుకున్న మనిషి, నలభై ఆరేళ్లవాడు, ఈల దెబ్బకు లేచి నిలబడ్డ పిల్లాడిలా చేతులు రెండూ పక్కలకు అతికించుకుని నిలబడ్డాడు.

"వెళ్లి తీసుకురా. ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకురా. స్టేషన్ వాళ్లందరూ చూసేటట్టు."

"అలాగే మాస్టారూ."

"బూట్లు వేసుకుని వెళ్లు. గట్టు దాటాక."

ఇన్‌స్పెక్టర్ వంగి బూట్లు తీసుకుని, డిటెక్టివ్ వైపు ఒకసారి చూశాడు. ఓడినవాడి చూపు కాదది. అప్పగింత లాంటి చూపు. ఆమె తల ఊపింది. అతను పరుగు లాంటి నడకతో గేటు వైపు వెళ్లాడు.

అప్పుడు మాస్టారు కూతురి వైపు తిరిగారు. అక్క నీళ్లలోంచి రాలేదు. ఆయనే గట్టు అంచున కష్టంగా కూర్చుని, ఎడమ చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టారు.

"మీ అమ్మ పోయిన రోజున ఒళ్లు తెలియక ఏదో అన్నాను. దాన్ని పట్టుకుని ఇన్నాళ్లు ఒక్కదానివే మోశావా, పిచ్చిదానా? వేలిదేముంది! ఎడం చేత్తో నొక్కుతాను వాచీ." కాసేపు ఆగారు. "నా గురించి దాచావు, అది నా ఇంటి సంగతి. వాడి గురించి దాచడం మాత్రం తప్పు. వాడొచ్చాక నువ్వే చెప్పుకో. ఇప్పుడు ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి."

అక్క నంబర్ చెబుతుంటే డిటెక్టివ్ నొక్కి, అందరికీ వినిపించేలా ఫోన్ గట్టు మీద పెట్టింది. రెండో రింగుకే అవతలి గొంతు పలికింది. మనిషి ఎవరో తెలియగానే ఆ గొంతు గట్టిపడింది.

"నాలుగు నెలలుగా ఫోన్ చేస్తున్నానమ్మా మీకు! వేలు చూపించారా ఎక్కడైనా?"

"లేదు డాక్టర్. పొక్కులకి మీరిచ్చిన మాత్రలు మాత్రం వేశాను. రెండు నెలలు, ఒక్క పూట మానకుండా."

అవతల నిట్టూర్పు వినిపించింది. "ఆ మాత్రలు ఒంటి కాపలాని జోకొట్టి పడుకోబెడతాయమ్మా. పొక్కులు తగ్గేది అందుకే. కాపలా పడుకుంటే వేలి దగ్గర ఉన్నవాడికి అడ్డెవరు? అందుకేగా వేలు వెంటనే తీయించమన్నాను, రెండూ కలిపి చూసుకుందామన్నాను. మీరు మాత్రలు పట్టుకెళ్లి మళ్లీ రాలేదు."

డిటెక్టివ్ నీళ్లలోకి దిగి, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా అక్క భుజం పట్టుకుంది.

"ఇప్పుడైనా సమయం ఉందా డాక్టర్?" అని అడిగింది డిటెక్టివ్.

"అది నేను చూశాక చెప్పాలి. వెంటనే తీసుకురండి. ఈలోగా ఒక పని చేయండి. ఆయన కుడి చెయ్యి పైకెత్తించి చంకలో వేళ్లతో తడమండి. గడ్డలాంటిది ఏమైనా చేతికి తగులుతోందా? వేలి జబ్బు పాకితే మొదట అక్కడే తేలుతుంది."

ఇద్దరు ఆడవాళ్లూ మాస్టారి వైపు చూశారు. ఎవరూ ఆయన దగ్గరికి కదలలేదు.

మాస్టారు తువ్వాలు సర్దుకున్నారు. ఫోన్ మీదకి వంగి, పోటీల్లో పిల్లల సమయాలు చదివే రోజుల్లోలాగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పారు.

"తడమక్కర్లేదమ్మా. వానలు మొదలైనప్పుడు ఒకటి ఉంది. ఇప్పుడు మూడు. పిల్లది భయపడుతుందని నేనే చెప్పలేదు."